కంప్యూటర్ తెర అలంకారాలు, యంత్రవేగం, తెలుగు అక్షరం

రెండేళ్ల కిందట మా శాఖలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి ఒకడు తన పరిశోధన పత్రం మొదటి అధ్యాయం తెచ్చి మా చేతికిచ్చాడు. హోసూరు ప్రాంతంవాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతలో కన్నడం. తెలుగు లిపిని పదిహేనేళ్లు దాటాక స్వయంగా నేర్చుకొన్నవాడు. తన వూరి తెలుగులోని బంధుత్వ పదాలు అతడు ఎంచుకొన్న విషయం. పుటలు తిప్పి చూసి ఆశ్చర్యపోయాము. భాష అంతా తెలుగే, కాని ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇరవై పుటలూ ఇంగ్లీషు అక్షరాల్లోనే వున్నాయి. వదినలోని దకారానికీ, ఆడబిడ్డలోని డకారానికీ ఒకే అక్షరం. లకార ళకారాల భేదం లేదు, హ్రస్వదీర్ఘాల జాడ లేదు. మాండలిక పదాల మీద వ్యాసం రాసేవాడు చేయకూడని పని ఇది.

ఎందుకిలా రాశావని అడిగితే అతడు చెప్పిన సమాధానం ఇది: "నా కంప్యూటర్లో తెలుగు ఫాంటు చెడిపోయింది సార్. అక్షరాలు చెదపురుగు కొట్టినట్టు కనిపిస్తాయి. ద ఏదో, ధ ఏదో తెలియదు. కళ్లు నొప్పిపుట్టి మానేసినా."

ల్యాప్‌టాప్ తెమ్మన్నాము. అన్న వాడి వదిలేసిన యంత్రం. ఫాంటుకు ఏ చెరుపూ లేదు. జరిగిందేమిటంటే, యంత్రం నెమ్మదించిందని అతడు వూళ్లో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లాడు. అక్కడి కుర్రవాడు తెర అలంకారాలన్నిటినీ ఒక్క నొక్కుతో తీసేసి యాభై రూపాయలు పుచ్చుకొన్నాడు. యంత్రం కొంత చురుకైన మాట నిజమే. అదే నొక్కుతో అక్షరాల అంచులను నునుపుచేసే సదుపాయమూ పోయిందని చెప్పినవారు లేరు. ఈ రెండు సంగతులకూ సంబంధం వుందని అతనికి తోచనూ లేదు.

ఇది ఒక్క హోసూరు విద్యార్థి కథ కాదు. బళ్ళారి, బరంపురం, షోలాపురం, యానాం నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లలలో చాలామంది చేతుల్లో పాత యంత్రాలే వుంటాయి. కొన్ని బంధువులిచ్చినవి, కొన్ని సెకండ్‌హాండ్ దుకాణాల్లో కొన్నవి. కొన్ని తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో అన్నలకూ అక్కలకూ వచ్చినవి. అలాంటి యంత్రం మందగించగానే మొదట వినిపించే సలహా "ఎఫెక్ట్సు అన్నీ తీసెయ్" అనేదే. సలహా పూర్తిగా తప్పు కాదు. అయితే ఏది తీయాలో, ఏది తీయకూడదో, ఎందుకో తెలిసి తీయాలి. మేము కంప్యూటర్ శాస్త్రజ్ఞులము కాము, భాషాశాస్త్రం చదువుకొన్నవాళ్లము. కాని లిపికి సంబంధించినంత మేరకు ఈ విషయాన్ని వదిలిపెట్టలేము.

తెర మీద కనిపించే రంగులు, కిటికీల అంచులు, బటన్ల రూపురేఖలు, మౌస్ గుర్తు, వెనకనుండే బొమ్మ, శబ్దాలు, వీటన్నిటినీ కలిపి ఒక కూర్పుగా చేస్తే దానిని థీమ్ అంటారు. 1995లో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 95తో పాటు ప్లస్ అనే అదనపు సరుకును విడిగా అమ్మింది. మామూలు వాడకందారులకు డెస్క్‌టాప్ థీమ్‌లు ప్రధానంగా పరిచయమైంది దానితోనే. లియొనార్డో ద వించీ పేర ఒకటి, క్రూరజంతువుల పేర ఒకటి, ఇలా అందులో చాలా వుండేవి. అదే పెట్టెలో మరి రెండు సదుపాయాలు కూడా వచ్చాయి. ఒకటి, కిటికీని మౌస్‌తో లాగేటప్పుడు లోపలి విషయంతో సహా కదలడం (అంతకుముందు ఖాళీ చట్రం మాత్రమే కదిలేది). రెండవది, అక్షరాల అంచులను నునుపుచేయడం. కనీసం 486 ప్రాసెసర్, 8 ఎంబీ మెమరీ వుంటేగాని ఆ సరుకు పనిచేసేది కాదు. ఆనాటికి అది తక్కువ యంత్రమేమీ కాదు. అక్షరం నునుపూ, క్రూరజంతువుల బొమ్మలూ ఒకే పెట్టెలో అమ్ముడుపోయిన ఆ రోజు నుంచీ రెండింటినీ ఒకే కోవలో లెక్కపెట్టే అలవాటు మిగిలిపోయింది. మా ఫిర్యాదు అంతా ఆ కోవ మీదనే.

అలంకారం యంత్రాన్ని ఎలా నెమ్మదింపజేస్తుందో తెలియాలంటే తెర ఎలా గీయబడుతుందో కొంచెం చూడాలి. పాత పద్ధతి నల్లబల్ల వంటిది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ దాకా అదే పద్ధతి. తెరకంతటికీ ఒకే మెమరీ పలక. ప్రతి కార్యక్రమమూ తన కిటికీని అందులో తనకు కేటాయించిన జాగాలో నేరుగా గీస్తుంది. పైనున్న కిటికీని పక్కకు జరిపితే కింద బయటపడిన జాగాలో ఏముండాలో ఆ పలకకు తెలియదు, చెరిగిపోయింది కనుక. కింది కార్యక్రమాన్ని పిలిచి "నీ భాగం మళ్లీ గీసుకో" అని చెప్పాలి. అది వేరే పనిలో మునిగి వుంటే గీయడం ఆలస్యమవుతుంది. పాత యంత్రాల్లో ఒక కిటికీని లాగుతూ వుంటే దాని వెనక తోకలాగా మరకలు మిగిలిపోవడం చూసే వుంటారు. అది ఇదే.

కొత్త పద్ధతిని మేము తరగతిలో ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుతో పోల్చి చెబుతాము. ఆ యంత్రం ఇప్పుడు మా శాఖలో బీరువా పైకి చేరింది గాని పోలికకు పనికివస్తుంది. ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క పారదర్శక పత్రం. కార్యక్రమం తన పత్రం మీద గీసి వూరుకొంటుంది. ఆ పత్రాలన్నిటినీ వరసగా పేర్చి, నీడలు చేర్చి, ఒకే చిత్రంగా తెర మీదికి పంపే బాధ్యత మరొకరిది. విండోస్‌లో ఆ కూర్పరి పేరు డెస్క్‌టాప్ విండో మేనేజర్. విండోస్ విస్టాలో అది ప్రవేశించింది. పై కిటికీని జరిపినప్పుడు కింది కార్యక్రమాన్ని నిద్రలేపనక్కరలేదు, దాని పత్రం భద్రంగానే వుంది. గ్రాఫిక్స్ ప్రాసెసర్ ఆ పత్రాలను వేరే వరసలో పేర్చి చూపిస్తుంది. పద్ధతిగా చూస్తే ఇది మెరుగైనదే.

అయితే పత్రాలు ఉచితం కావు. లెక్క వేయండి. 1024 × 768 తెరలో పిక్సెల్ అనే చుక్కలు 7,86,432. ఒక్కొక్క చుక్క రంగుకు 4 బైట్ల చొప్పున 31,45,728 బైట్లు, అంటే నిండుతెర కిటికీ ఒక్కటికి సుమారు 3 ఎంబీ. పది కిటికీలు తెరిస్తే 30 ఎంబీ. విస్టాలో ఇది మామూలు మెమరీలో ఒక ప్రతి, గ్రాఫిక్స్ మెమరీలో మరొక ప్రతిగా రెండింతలయ్యేది. 2009లో వచ్చిన విండోస్ 7లో, తగిన డ్రైవరు వుంటే, ఒక ప్రతిని తగ్గించారు. ఇప్పటి 1920 × 1080 తెరలో చుక్కలు 20,73,600. ఒక నిండుతెర కిటికీకి 8 ఎంబీకి పైగా కావాలి. తెర సెకనుకు 60 సార్లు మారుతుంది కనుక, అంతా కదులుతున్న వేళ కూర్పరి సెకనుకు 12 కోట్లకు పైగా చుక్కలు తేల్చాలి. ఒక్కొక్క చిత్రానికి వున్న గడువు సుమారు 16.7 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటితే ఒక చిత్రం తప్పిపోతుంది. కంటికి అది కుదుపుగా తెలుస్తుంది.

విస్టాలోని ఏరో అనే థీమ్‌లో కిటికీల అంచులు మసక గాజులాగా వుండేవి. చూడ ముచ్చటగానే వుండేది, కాదనము. కాని మసకబారిన గాజు అంటే గణితం. గాజు వెనకనున్న ఒక్కొక్క చుక్కనూ దాని చుట్టుపక్కల చుక్కలతో కలిపి సగటు తీయాలి. ఉదాహరణకు 9 × 9 జాగా తీసుకొంటే ఒక్క చుక్క కోసం 81 చుక్కలు చదవాలి. ఇంజనీర్లు దీనిని ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా రెండు విడతలుగా చేసి 18కి దించుతారు. అయినా మామూలు చుక్కను ఒక్కసారి చదివితే సరిపోయేచోట ఇక్కడ 18 సార్లు. నీడలకూ ఇదే వరస. సొంత మెమరీ వున్న గ్రాఫిక్స్ కార్డుకు ఇది లెక్కలోనిది కాదు. ప్రాసెసరుతో కలిసి ఒకే మెమరీని పంచుకొనే చవక యంత్రానికి మాత్రం ఇది బరువు.

ఈ బరువు చివరికి న్యాయస్థానం దాకా వెళ్లింది. విస్టా 2007 జనవరి 30న సామాన్య వాడకందారులకు విడుదలయింది. అంతకుముందు 2006లోనే దుకాణాల్లోని యంత్రాల మీద "విస్టా కేపబుల్" అనే చీటీ అంటించి అమ్మారు. 800 మెగాహెర్ట్‌జ్ ప్రాసెసర్, 512 ఎంబీ మెమరీ వుంటే ఆ చీటీకి అర్హత. ఏరో థీమ్ రావాలంటే మాత్రం 1 గిగాహెర్ట్‌జ్, 1 జీబీ మెమరీ, 128 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ, కొత్త తరహా డ్రైవరు కావాలి. దానికి "ప్రీమియం రెడీ" అనే వేరే చీటీ. మొదటి చీటీ చూసి కొన్నవారి ఇళ్లలో విస్టా నడిచింది గాని గాజు రాలేదు. యంత్రశక్తిని తూచి చూసుకొని విస్టాయే దానిని ఆపేసింది. మమ్మల్ని మోసగించారని 2007లో అమెరికాలోని సియాటిల్ ఫెడరల్ కోర్టులో కొనుగోలుదారులు దావా వేశారు. 2008 ఫిబ్రవరిలో కోర్టు దానిని సామూహిక దావాగా అంగీకరించి, 2009 ఫిబ్రవరిలో ఆ హోదా తీసివేసింది. ఇక్కడ ఒక పదం సంగతి. "కేపబుల్" అంటే ఏమి చేయగల శక్తి అన్న ప్రశ్నకు జవాబు చీటీలో లేదు. వాక్యంలో కర్మపదం లోపిస్తే ఎవరికి తోచినది వారు పూరించుకొంటారు. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు.

2012లో విండోస్ 8 వచ్చేసరికి ఆ గాజు అంచులు పోయాయి. కూర్పరి మాత్రం పోలేదు. విండోస్ 7 దాకా దానిని ఆపివేసే వీలుండేది, 8 నుంచి అదీ లేదు. 2021లో వచ్చిన విండోస్ 11లో మైకా అనే పూత ఒకటి వుంది. అది వెనక బొమ్మలోని రంగులను ఒక్కసారి చూసి గుర్తుంచుకొంటుంది, గాజులాగా నిరంతరం సగటు తీస్తూ కూర్చోదు. అంటే తయారీదారులకూ ఈ బరువు సంగతి తెలిసివచ్చిందన్నమాట.

ఇక "నెమ్మది" అనే మాట. విద్యార్థులు ఈ ఒక్క మాటతో మూడు వేర్వేరు రోగాలను చెబుతారు. ఒకటి, పైన చెప్పిన లెక్కల భారం. కిటికీ కదిపినప్పుడు కుదుపులు వస్తాయి, ఆపితే సర్దుకొంటుంది. రెండవది, మెమరీ చాలకపోవడం. పత్రాలకు, బ్రౌజరు పుటలకు, తెరిచిన పత్రికలకు చోటు చాలక యంత్రం కొంత సరుకును డిస్కు మీదికి మోస్తుంది. మెమరీలోని మాటను అందుకోవడానికి సెకనులో కోటోవంతు పడితే, తిరిగే డిస్కు మీదిదానికి సుమారు వందోవంతు పడుతుంది. తేడా లక్షరెట్లు. అక్షరం టైపు చేస్తే రెండు క్షణాల తర్వాత కనబడటం, డిస్కు దీపం ఆగకుండా వెలగడం దీని గుర్తులు. ఇక్కడ థీమ్ పాలు చాలా తక్కువ, దానిని తీసినా దక్కేది కొద్దిపాటి ఎంబీలే. 4 జీబీ మరో 4 జీబీ చేయించడమో, తిరిగే డిస్కు స్థానంలో ఎస్.ఎస్.డీ. వేయించడమో దీనికి మందు.

మూడవది చిత్రమైనది. అది నెమ్మది కాదు, నిరీక్షణ. విండోస్‌లో ఉపపట్టిక తెరుచుకొనే ముందు యంత్రం కావాలనే 400 మిల్లీసెకన్లు ఆగుతుంది. పొరపాటున మౌస్ తగిలితే పట్టికలు ఎగిరిపడకుండా పెట్టిన ఏర్పాటు అది. కిటికీ కుంచించుకొనిపోయే కదలికకూ, పట్టిక మెల్లగా విప్పారే కదలికకూ ముందే నిర్ణయించిన కాలపరిమితి వుంటుంది. ప్రపంచంలోని అత్యంత శక్తిగల యంత్రం కూడా ఆ కాలం తీసుకొనే తీరుతుంది. ఈ కదలికలను తీసేస్తే యంత్రం వేగం పెరిగినట్లు అనిపిస్తుంది. నిజానికి పెరిగింది యంత్రం వేగం కాదు, మన నిరీక్షణ తగ్గింది. అదీ లాభమే. ఆండ్రాయిడ్ ఫోన్లలో కదలికల కొలతను సగానికి తగ్గించి "ఫోను కొత్తదైపోయింది" అని సంబరపడేవారు పొందేది కూడా ఈ లాభమే.

వెనక బొమ్మ మీద కూడా ఒక అపోహ వుంది. ఇష్టదైవం పటమో, సినిమా నటుడి బొమ్మో పెట్టుకొంటే యంత్రం నెమ్మదిస్తుందని నీలితెర పెట్టుకొనేవారున్నారు. కదలని బొమ్మను యంత్రం ఒకసారి తెర కొలతకు తగ్గించి దాచుకొంటుంది. ఆ తర్వాత అది మరొక పత్రం, అంతే. కదిలే బొమ్మల సంగతి వేరు. 1997లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4తో పాటు వచ్చిన యాక్టివ్ డెస్క్‌టాప్ వెబ్ పుటనే వెనక బొమ్మగా పరిచేది. ఆనాటి 16 ఎంబీ యంత్రాలు దాని కింద నలిగిపోయాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాము. "తెలుగు ఫాంటు వేసినప్పటి నుంచి కంప్యూటర్ నెమ్మదించింది" అనే మాట మేము చాలాసార్లు విన్నాము. తెలుగు అక్షరాన్ని తెర మీద కూర్చడంలో ఇంగ్లీషులో లేని పని కొంత వుందన్నది నిజం. "స్త్రీ" అనేది కంటికి ఒక అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు సంకేతాలు: సకారం, విరామం, తకారం, విరామం, రేఫ, ఈకార గుణింతం. ఆరింటినీ చదివి, ఏది పైన ఏది కింద అని నిర్ణయించి, ఒత్తులను వాటి చోట్ల పెట్టాలి. ఒకప్పుడు ఈ పనికి ప్రత్యేకంగా ఒక కార్డే వుండేది. పూణేలోని సి-డాక్ సంస్థ అందించిన జిస్ట్ కార్డును డాస్ యంత్రాల్లో గుచ్చితే భారతీయ లిపులు తెర మీదికి వచ్చేవి. విండోస్ ఎక్స్‌పీతో, అంటే 2001లో, తెలుగు కన్నడాలకు ఆ సదుపాయం విండోస్‌లోనే వచ్చింది. గౌతమి ఫాంటు అప్పటిదే. అయినా సీడీ పెట్టి జటిల లిపుల సహాయాన్ని విడిగా వేసుకోవలసి వచ్చేది. ఇప్పుడా బాధ లేదు.

మరి ఈ కూర్పు పని ఎంత? ఒక పుటకు పాతిక పంక్తులు, పంక్తికి అరవై అక్షరాలు అనుకొన్నా 1500 అక్షరాలు. వాటిలో చాలా భాగం పునరుక్తులే. ఒకసారి గీసిన ఆకారాన్ని యంత్రం దాచుకొని మళ్లీ వాడుకొంటుంది. సెకనుకు కోట్ల చుక్కలు తేల్చే పని పక్కన ఇది సముద్రంలో కాకిరెట్ట. నెమ్మదికి తెలుగును నిందించడం అన్యాయం.

అంచుల నునుపు కూడా అంతే తేలిక. కాని అది లేకపోతే పోయేది చాలా ఎక్కువ. మామూలు తెర మీద 12 పాయింట్ల అక్షరానికి దొరికే ఎత్తు 16 చుక్కలు. ఇంగ్లీషు అక్షరం ఆ ఎత్తులో హాయిగా ఒదుగుతుంది. దానిలో నిలువుగీతలూ అడ్డుగీతలూ ఎక్కువ, చుక్కల గళ్లకు అవి సరిగ్గా సరిపోతాయి. మన లిపి అంతా వంపులు. పైన తలకట్టు, నడుమ అక్షరం, కింద ఒత్తు, అన్నీ ఆ కొద్దిజాగాలోనే సర్దుకోవాలి. నునుపు లేనప్పుడు ఒక చుక్క నలుపు కావాలి, లేదా తెలుపు కావాలి, మధ్యేమార్గం లేదు. వంపు మెట్లుమెట్లుగా విరుగుతుంది. దకారం కింద చిన్న గీత వస్తే ధకారం, కడుపులో చుక్క కూడా వుంటే థకారం. ఆ గీతకూ ఆ చుక్కకూ తెర మీద దక్కేది ఒకటి రెండు చుక్కలే. అవి పక్కనున్న వంపుతో అంటుకొన్నాయా, మూడు అక్షరాలూ ఒకటే. నునుపు వున్నప్పుడు అంచుల్లో బూడిద ఛాయలు వాడి కంటికి వంపును అందిస్తారు. క్లియర్‌టైప్ అనే పద్ధతిలో ఇంకొక మెట్టు పైకి వెళ్లి, ప్రతి చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలను విడివిడిగా వాడుకొని అడ్డం దిశలో మరింత సన్నని గీతలు సాధిస్తారు. ఎక్స్‌పీలో అది వుండేది గాని ఎవరికి వారు ఎంచుకొంటేనే పనిచేసేది. విస్టా నుంచి దానంతటదే పనిచేస్తుంది.

విజయవాడలోనో వరంగల్లులోనో పుట్టి పెరిగిన పాఠకుడు చెదిరిన అక్షరాన్ని కూడా చదివేస్తాడు. అతడు అక్షరం చదవడు, మాట ఆకారాన్ని గుర్తుపడతాడు. చిన్ననాటి నుంచి గోడల మీద, బస్సుల మీద చూసిన ఆకారాలవి. మీ సంగతి అలా కాదు. మీలో చాలామంది ఒడియా, మరాఠీ, తమిళ, కన్నడ మాధ్యమాల్లో చదివి, తెలుగును గుణింతం పలుకుకొంటూ చదువుతారు. ఒక్కొక్క అక్షరాన్నీ విడదీసి పోల్చుకొనే దశలో వున్నవారికి ఆ ఒక్క చుక్కే ఆధారం. కన్నడం వచ్చినవారికి మరొక చిక్కు వుంది. రెండు లిపులూ దగ్గరివి కావడంతో అక్షరం చెదిరితే కన్ను తెలిసిన లిపివైపే లాగుతుంది. కాబట్టి అక్షరం నునుపును అలంకారాల జాబితాలో పడేసినవారు మీవంటివారిని దృష్టిలో పెట్టుకోలేదని మేము అంటాము. దూషణగా కాదు, వారి లిపికి ఆ అవసరం అంతగా లేదు, అంతే.

చేయవలసింది ఇది. విండోస్ 10, 11లలో వెతికే పెట్టెలో "పెర్ఫార్మెన్స్" అని కొడితే "అడ్జస్ట్ ది అపియరెన్స్ అండ్ పెర్ఫార్మెన్స్ ఆఫ్ విండోస్" అనే పలక వస్తుంది. పాతవాటిలో మై కంప్యూటర్ మీద కుడి నొక్కు నొక్కి, ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్ నుంచి అక్కడికి వెళ్లవచ్చు. అక్కడ "అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్" అనే దానిని నొక్కితే కింది జాబితాలోని టిక్కులన్నీ ఒక్కసారిగా పోతాయి. దుకాణం కుర్రవాడు చేసింది అదే. దాని బదులు "కస్టమ్" ఎంచుకొని, కదలికలకు, నీడలకు, మెల్లగా విప్పారే పట్టికలకు సంబంధించిన టిక్కులు తీసేయండి. "స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్" అనే టిక్కును మాత్రం వుంచండి. పోయి వుంటే పెట్టండి. బొమ్మల ఫైళ్లు, పాత పుస్తకాల స్కాన్లు ఎక్కువగా చూసేవారు "షో థంబ్‌నెయిల్స్" అనే దానిని కూడా వుంచుకొంటే వెతుకులాట తగ్గుతుంది. రంగుల సెట్టింగుల్లో పారదర్శకతను విడిగా ఆపివేయవచ్చు. బ్యాటరీ పొదుపు పెట్టినప్పుడు విండోస్ తానే దానిని ఆపుతుంది. కొన్ని కార్యక్రమాలు ఈ టిక్కును లెక్కచేయక తమ పద్ధతిలో అక్షరాలు గీసుకొంటాయి. అందువల్ల ఒకచోట తెలుగు బాగా, మరొకచోట ముతకగా కనిపిస్తే అది ఫాంటు దోషం కాదు.

తీసేముందు ఒకటి చూసుకోవడం మంచిది. టాస్క్ మేనేజర్ తెరిచి, ఒక కిటికీని తెర మీద అటూ ఇటూ లాగుతూ డెస్క్‌టాప్ విండో మేనేజర్ ఎంత శక్తి తింటున్నదో గమనించండి. అది స్వల్పమై, మెమరీ మాత్రం 90 శాతం దాటి వుంటే మీ రోగం రెండవది. థీమ్ జోలికి పోనక్కరలేదు. మంచి గ్రాఫిక్స్ వున్న విండోస్ 7 యంత్రాల్లో ఏరోను తీసేస్తే ఒక్కోసారి తెర ఇంకా నెమ్మదించేది. గ్రాఫిక్స్ ప్రాసెసర్ చేసే పని మళ్లీ పాత పద్ధతిలో ప్రధాన ప్రాసెసర్ నెత్తిన పడేది కనుక.

మరీ పాత యంత్రాలకు లినక్స్ మంచిదని మా అభిప్రాయం. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. లినక్స్‌లో కూడా ఆడంబరాలకు కొదవలేదు. 2006లో వచ్చిన కాంపిజ్‌తో తెరను ఘనాకారంలో గిరగిర తిప్పుతూ సాయంత్రాలు గడిపిన విద్యార్థులు మాకు తెలుసు. అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లలో కూర్పరిని ఒక్క టిక్కుతో ఆపవచ్చు. అక్షరాల నునుపు వేరే చోట, ఫాంట్ల పలకలో వుంటుంది. రెండూ ఒకే జాబితాలో లేకపోవడం మాకు నచ్చిన విషయం.

హోసూరు విద్యార్థి యంత్రానికి మేము చేసింది ఒక్క టిక్కు తిరిగి పెట్టడమే. వేగంలో తేడా అతనికీ తెలియలేదు, మాకూ తెలియలేదు. అక్షరాలు మాత్రం తేరుకొన్నాయి. మొదటి అధ్యాయాన్ని తెలుగులో మళ్లీ కొట్టడానికి మూడు వారాలు తీసుకొన్నాడు. అంత కాలమెందుకని అడిగాము. ఇంగ్లీషు అక్షరాల్లో వున్నప్పుడు అన్నీ ఒకటిగానే కనిపించాయి గాని, ఇప్పుడు ప్రతి మాట దగ్గరా లకారమా ళకారమా, దీర్ఘమా కాదా అని తేల్చుకోవలసి వచ్చిందట. పన్నెండు మాటలు తేలక, సెలవుల్లో వూరికి వెళ్లి వాళ్ల అమ్మమ్మ చేత మళ్లీ పలికించి ఫోనులో పట్టుకొచ్చాడు. అందులో రెండింటికి మేము పెన్సిలుతో దిద్ది ఇచ్చిన రూపాలు తప్పని తేలింది.